చెట్టుకి కౌలు లేదురా అబ్బాయ్

పైన వీడియోలో మీరు చూసింది మా పొలం గట్టు మీద తీసిందే. ఎప్పుడూ జీవామృతం, ఘన జీవామృతం, నవధాన్యాల సాగు గురించి మాట్లాడేవాడివి, ఈసారి ఈ ధైర్యం, నిబ్బరం అంటూ మొదలుపెట్టావేంటని కొంతమంది ఫోన్ చేసి అడిగారు. గాలి శబ్దానికి వీడియోలో సగం మాటలు వినపడలేదని కూడా అన్నారు. అందుకే చెప్పాలనుకున్నది ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నా.

2024 సెప్టెంబరులో కృష్ణకి వరద వచ్చింది కదా. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటింది. కొల్లూరు నుంచి రేపల్లె దాకా లంకల్లో అరటి, పసుపు, కంద తోటలు నీళ్ళలో నానాయి. ఆ రోజుల్లో మా వాట్సాప్ గ్రూపులో ఒకాయన రోజూ పొద్దున్నే ఒక బొమ్మ పెట్టేవాడు. ఒకరోజు ఉదయిస్తున్న సూర్యుడు, ఒకరోజు బురదలో తామరపువ్వు. ఒకరోజు గాలికి వంగిన గడ్డి, కింద ఒక రాత: తుపానుకి ఎదురు నిలబడ్డ చెట్టు కూలుతుంది, వంగిన గడ్డి బతుకుతుంది అని. మంచి ఉద్దేశంతోనే పెట్టాడు, అందులో అనుమానం లేదు.

లంకలో పసుపు పోగొట్టుకున్న ఒక రైతు దాని కింద ఒకే ఒక్క మాట రాశాడు. "వరి కూడా గడ్డే కదండీ."

గ్రూపులో ఆ రోజంతా ఎవరూ ఏమీ పెట్టలేదు. నాకు మొదట నవ్వొచ్చింది, తర్వాత 2023 డిసెంబరు గుర్తొచ్చింది. నవ్వు ఆగిపోయింది.

నిజమే కదా. వరి గడ్డి జాతే. వంగింది కూడా. 2023 డిసెంబరు 5న తుపాను మధ్యాహ్నం పూట బాపట్ల దగ్గరే తీరం దాటింది. ఆ పేరు పలకడానికే మనకు నోరు తిరగలేదు. టీవీలో ఒకరు మిచౌంగ్ అన్నారు, ఇంకొకరు మిగ్‌జాం అన్నారు. పేరు ఏదైతేనేం, కోతకొచ్చిన సాంబమసూరి చాప పరిచినట్టు పడుకుంది. వంగిన గడ్డి బతకలేదు. నీళ్ళలో పడి కుళ్ళింది. గట్టు మీది తాటిచెట్టు మాత్రం నిలబడే ఉంది, ఇప్పటికీ ఉంది. అంటే ఆ సామెత మా పొలంలో సరిగ్గా తిరగబడింది.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. మన ప్రకృతి వ్యవసాయం వాళ్ళం తుపాను వచ్చినప్పుడల్లా మా పైరు పడలేదు, పక్కవాళ్ళదే పడిందని ఫొటోలు పెడుతుంటాం. వేరు లోతుగా పోయిన పొలాల్లో తేడా ఉండటం నేనూ చూశాను, కాదనను. కానీ ఆ రోజు నా మూడెకరాల్లో రెండున్నర ఎకరాలు పడిపోయింది. ఏడేళ్ళుగా రసాయనం వెయ్యని పొలం. ఆరు రోజులు అందులోంచి నీళ్ళు పోలేదు.

ఇప్పుడు బాబాయి సంగతి చెప్పాలి. ఆయన నాకు వరసకి బాబాయి. మాది ఒక కులం కాదు, మొక్కే దేవుడూ ఒకడు కాదు. నేను గుడికి వెళ్తాను, వాళ్ళు చర్చికి వెళ్తారు. కానీ మా నాన్న పోయినప్పటి నుంచి నాకు నాగలి పట్టడం దగ్గర్నుంచి నీరు కట్టడం దాకా నేర్పింది ఆయనే. కొమ్మమూరు కాలువ కింద ఆరెకరాలు కౌలుకి చేస్తాడు. ఎకరాకి 18 బస్తాల కౌలు. యూరియా, పురుగుమందులు వాడతాడు. నేను ఎన్ని చెప్పినా, "కౌలు నువ్వు కడతావా, అప్పుడు మానేస్తా" అనేవాడు. దానికి నా దగ్గర సమాధానం ఉండేది కాదు.

తుపానుకి నాలుగు రోజుల ముందు కోత కోసి పనలు వేశాడు. అవన్నీ నీళ్ళలో తేలాయి.

మూడో రోజు సాయంత్రం ఆయన పక్కన గట్టు మీద కూర్చున్నా. ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని, ఎదురుగా కనపడుతున్న తాటిచెట్టు చూపించా. "చూడు బాబాయ్, అది ఎన్ని తుపాన్లు చూసుంటుంది, దివిసీమ ఉప్పెన కూడా చూసుంటుంది, అలా నిలబడాలి మనం" అన్నా. నా మాట నాకే చాలా గొప్పగా అనిపించింది.

ఆయన చెట్టు వంక చూడలేదు. "చెట్టుకి కౌలు లేదురా అబ్బాయ్" అన్నాడు. కాసేపాగి, "చెట్టుకి కూతురి పెళ్ళీ లేదు" అన్నాడు. లేచి వెళ్ళిపోయాడు.

ఆ మాట నాకు ఏడాదిగా చెవిలో మోగుతూనే ఉంది. ఈ రాతంతా ఒక రకంగా దానికి సమాధానం వెతుక్కోవడమే.

కష్టంలో ఉన్నవాడికి ప్రకృతిని చూపించి ధైర్యం చెప్పడం మనకు కొత్తేం కాదు. పాస్టరు గారు పొలంలో పువ్వుల్ని చూపిస్తారు, ఆకాశంలో పక్షుల్ని చూపిస్తారు. మా తెనాలిలో కార్తీకమాసం పురాణ కాలక్షేపంలో భాగవతం ఏకాదశ స్కంధం చెప్పేటప్పుడు అవధూత కథ వస్తుంది. యదు మహారాజు, నీకు ఈ నిశ్చింత ఎవరు నేర్పారని అడిగితే, నాకు 24 మంది గురువులు అంటాడు అవధూత. నేల, గాలి, నీరు, సముద్రం, కొండచిలువ, తేనెటీగ, సాలెపురుగు, ఇలా చెప్పుకుంటూ పోతాడు. చిన్నప్పటి నుంచి విన్న కథే. కానీ ఆ లిస్టులో ఒక సంగతి నేను ఈ మధ్యే గమనించా. ఆ గురువుల్లో కొంతమంది ఎలా బతకాలో నేర్పిన వాళ్ళు కాదు. వలలో పడ్డ పిల్లల్ని చూసి తానూ వలలోకి దూకిన పావురం ఉంది. దీపంలో పడ్డ పురుగు ఉంది. గాలానికి చిక్కిన చేప ఉంది. వాటిని చూసి, నేను అలా చెయ్యకూడదని నేర్చుకున్నా అంటాడు. ఇది మామూలు తేడా కాదు. ప్రకృతిలో కనపడిన ప్రతిదీ మనకి ఆదర్శం అని ఆయన అనలేదు. దేన్ని తీసుకోవాలో, దేన్ని వదిలెయ్యాలో చూసుకోమన్నాడు.

మనం మాత్రం పుస్తకంలో, ఫోన్‌లో దొరికిన బొమ్మని తీసి కష్టంలో ఉన్నవాడి నెత్తిన పెడుతున్నాం. ఎండిన చేలో పనిచేసే మందుని మునిగిన చేలో కొట్టినట్టు.

మన వాళ్ళకి తెలిసిన ఇంకో ఉదాహరణ ఫుకుఓకా గారిది. "గడ్డిపరకతో విప్లవం" మనలో చాలామంది చదివాం. ఆయన పాతికేళ్ళ వయసులో యోకొహామా ఓడరేవులో మొక్కల తనిఖీ ఉద్యోగం చేస్తూ నిమోనియాతో మంచాన పడ్డాడు. తగ్గాక కూడా చావు భయం వదల్లేదు, రాత్రిళ్ళు తిరిగేవాడు. ఒక తెల్లవారుజామున రేవు పైన గట్టు మీద చెట్టుకి ఆనుకుని కూర్చుంటే, పొగమంచులోంచి ఒక రాత్రి కొంగ అరిచి ఎగిరిపోయింది. ఆ అరుపుతో ఆయన మనసులో పట్టుకుని ఉన్నవన్నీ జారిపోయాయి. ఉద్యోగం వదిలేశాడు. ఇంతవరకూ అందరూ చెప్తారు. తర్వాత జరిగింది మాత్రం అంతగా చెప్పుకోరు. ఆ వెలుగుతోనే ఇంటికొచ్చి, ఏమీ చెయ్యక్కర్లేదు కదా అని తండ్రి నారింజ తోటని అలా వదిలేశాడు. అప్పటిదాకా ఏటా కొమ్మలు కత్తిరించి పెంచిన చెట్లు. కొమ్మలు కలగాపులగం అయిపోయి, పురుగు పట్టి తోట చచ్చిపోయింది. అది ప్రకృతి సేద్యం కాదు, తోటని వదిలెయ్యడం అని ఆయనే తర్వాత రాశాడు. కొంగ అరుపు ఆయన మనసుకి పనిచేసింది. నారింజ చెట్టుకి పనిచెయ్యలేదు. చెట్టుకి ఏం కావాలో తెలుసుకోవడానికి ఆయనకి తర్వాత ఏళ్ళకి ఏళ్ళు పట్టింది.

సరే, మళ్ళీ మా పొలానికి వద్దాం.

బాబాయి అలా లేచి వెళ్ళిన తర్వాత రోజు పొద్దున్నే పిన్ని ఫోన్ చేసింది. "మీ బాబాయి రాత్రి నుంచి నోరు మెదపడం లేదు, అన్నం ముట్టలేదు, ఒకసారి రా నాయనా" అంది. నేను వెళ్ళేసరికి చావిట్లో ఉండే పురుగుమందు డబ్బాలు అక్కడ లేవు. పిన్ని తెల్లవారకముందే మోసుకెళ్ళి పక్కింట్లో పెట్టి వచ్చిందట. నాతో ఏమీ చెప్పలేదు, ఆ ఖాళీ మూల వైపు ఒక్కసారి చూసింది అంతే.

ఈసారి నేను చెట్టూ పుట్టా ఏమీ చెప్పలేదు. భయం వేసి నోరు పెగల్లేదు. చాలాసేపు పక్కన కూర్చుని, "పనలు గట్టుకి చేరవేద్దాం బాబాయ్" అన్నా. పలకలేదు. "తడిసిన పనల మీద ఉప్పునీళ్ళు కొడితే మొలక ఆగుతుందంట, వ్యవసాయ శాఖ వాళ్ళు చెప్పారు" అన్నా. పలకలేదు. పిన్ని టీ తెచ్చి పెట్టింది, చల్లారిపోయింది.

ఎంతసేపటికో ఆయన నా వైపు తిరిగాడు.

"ఉప్పు ఎంత కలపాలిరా?"

రాత్రి నుంచి ఆయన నోట్లోంచి వచ్చిన మొదటి మాట అది. లీటరు నీళ్ళకి 50 గ్రాములు అన్నా. అయిదు శాతం ద్రావణం. లేచి చొక్కా వేసుకున్నాడు. కిరాణా కొట్టుకి వెళ్ళి కల్లుప్పు మూట వేసుకొచ్చాం. ఆ రోజూ మర్నాడూ మోకాలి లోతు నీళ్ళలోంచి పనలు ఎత్తి గట్టుల మీద, రోడ్డు మీద వేసి, తిరగేసి, ఉప్పునీళ్ళు కొట్టాం. పిన్ని, నా భార్య, బాబాయి కూతురు, ఇంకో నలుగురు. ఎంత దక్కిందంటే, అంత కష్టానికి సరిపడా మాత్రం దక్కలేదు. రంగు మారిన ధాన్యం, అడిగిన ధరకి ఇచ్చేశాం. కానీ ఆయన అన్నం తిన్నాడు. నాకు అది చాలు.

ఆ పనలు ఎత్తుతున్నప్పుడే అసలు విషయం నా కంటపడింది. సాంబమసూరి కంకుల మీదే మొలకలు వచ్చేశాయి. గింజ ఇంకా తల్లి కంకి వదల్లేదు, అప్పుడే తెల్లగా మొలక, చిన్న వేరు. బీపీటీ 5204 మన బాపట్ల బిడ్డే. 1986లో మన బాపట్ల కేంద్రం నుంచే విడుదలైంది, దేశమంతా తింటోంది. అన్నానికి దానికి సాటి లేదు. కానీ దాని గింజకి నిద్ర చాలా తక్కువ. కోతకొచ్చాక తడి తగిలితే చాలు, మొలకెత్తేస్తుంది. కింద నేల ఉందా, పైన ఎండ ఉందా, ఇది కాలమా కాదా, ఏమీ చూడదు. తడి తగిలింది, లేచింది, చచ్చింది.

దాని పక్కనే నేను పది సెంట్లలో విత్తనం కోసం ఒక ఎర్ర బియ్యం రకం వేశాను. మా అమ్మమ్మ వాళ్ళ ఊరి నుంచి తెచ్చుకున్న పాత విత్తనం. ఎత్తు పెరిగే రకం కాబట్టి అది అన్నింటికన్నా ముందే పడిపోయింది, దాని గురించి గొప్పలేం చెప్పను. అది కూడా అన్ని రోజులూ నీళ్ళలోనే ఉంది. కంకి చేతిలోకి తీసుకుని గింజ గింజా చూశా. నల్లబడింది, బురద పట్టింది. మొలక మాత్రం లేదు. ఒక్క గింజ కూడా లేవలేదు.

ఇది మాయ కాదు. విత్తనానికి నిద్రావస్థ అని ఉంటుంది. కోసిన తర్వాత కొన్ని వారాలు ఎంత నీరు పెట్టినా మొలవదు. ఎర్ర పొర ఉన్న గింజల్లో ఈ గుణం ఎక్కువ కనపడుతుంది. అందుకే కొత్త విత్తనాన్ని దాళ్వాకి వెంటనే వాడాలనుకునే వాళ్ళు నైట్రిక్ యాసిడ్ కలిపిన నీళ్ళలో నానబెట్టి ఆ నిద్ర చెడగొడతారు. రైతు తొందర రైతుది. గింజకి మాత్రం దాని లెక్క దానికి ఉంటుంది. వచ్చిన తడి అదునులో వచ్చిన తడా, అదును తప్పిన తడా అని అది లోపల ఆగి చూసుకుంటుంది.

ఆ సమయానికి నేను ఏం చేస్తున్నానో చెప్తే మీకు అర్థమవుతుంది. ఆ వారంలో నేను మూడు నిర్ణయాలు తీసేసుకున్నా. ఒకటి, రెండు ఆవుల్ని అమ్మెయ్యాలి. బేరగాడు వచ్చి చూసి కూడా వెళ్ళాడు, సగం ధర చెప్పాడు, ఒప్పుకున్నా. రెండు, హైదరాబాదులో మా బావమరిదికి ఫోన్ చేసి ఏదైనా అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్ పని చూడమన్నా. మూడు, ఈ ప్రకృతి వ్యవసాయం అంతా వట్టిదే, వచ్చే కారుకి అందరితో పాటు యూరియానే అనుకున్నా. దెబ్బ తగిలిన వారంలో మూడు మొలకలు. ఒక్కదానికి కింద మన్ను లేదు.

ఆ ఎర్ర కంకి చేతిలో పట్టుకుని గట్టు మీద నిలబడి బేరగాడికి ఫోన్ చేశా. సంక్రాంతి దాటాక మాట్లాడదాం అన్నా. అంతే. అంతకన్నా గొప్పగా ఏమీ జరగలేదు, ఆకాశం తెరుచుకోలేదు. ఆవుల్ని అమ్మనని కూడా అనుకోలేదు, ఇప్పుడు కాదు అనుకున్నానంతే. సంక్రాంతి దాటేసరికి, బురద ఆరిన పొలంలో మొక్కజొన్న వెయ్యాలంటే జీవామృతానికి పేడ కావాలి కదా అనే ఆలోచన వచ్చింది. ఆవులు ఉండిపోయాయి. బావమరిదికి ఇప్పటిదాకా సమాధానం చెప్పలేదు, ఆయనా మళ్ళీ అడగలేదు.

కష్టంలో బలం అంటే మనం ఎప్పుడూ లేచి నిలబడటమే అనుకుంటాం. నాకు పనికొచ్చిన బలం నిలబడటం కాదు, లేవకుండా ఆగటం. పడిపోయి, బురదలో ఉండి, తడుస్తూ, ఇంకా లేవకుండా ఉండటం. ఈ మాట నాకు ఏ బొమ్మా చెప్పలేదు. నా చేత్తో వేసి, నా చేత్తో కోసి, నా చేతుల్లోనే పాడైన పైరు చెప్పింది.

ఇంతటితో అయిపోయిందనుకుని, చాలా రోజులు నేను ఈ నిద్ర గింజ కథ కనపడిన ప్రతివాడికీ చెప్పా. ఆగండి, ఆగండి అని అందరికీ సలహాలు. మళ్ళీ అదే తప్పు, చూశారా. తాటిచెట్టు పోయి గింజ వచ్చింది.

తొలకరి రోజుల్లో ఒక బంధువుల ఇంటికి నిజాంపట్నం వెళ్ళాల్సొచ్చింది. తెనాలిలో రేపల్లె పాసింజరు ఎక్కి, రేపల్లెలో దిగి, అక్కడి నుంచి ఆటోలో. మా బంధువుల అబ్బాయి పడవలో మడ అడవిలోకి తీసుకెళ్ళాడు. నేను అంత దగ్గరగా చూడటం అదే మొదలు. గాలి ఆడని ఉప్పు బురద, అందులోంచి పెన్సిళ్ళు గుచ్చినట్టు వేళ్ళు పైకి పొడుచుకొచ్చి ఉంటాయి. అవి మడచెట్టు ఊపిరి పీల్చుకునే వేళ్ళు. పాలేకర్ గారు వాపస అని చెప్తారే, వేరుకి నీళ్ళతో పాటు గాలీ కావాలని, ఆ గాలి కింద దొరక్క ఆ చెట్టు వేరునే పైకి పంపించింది.

అక్కడ ఇంకో చెట్టు చూపించాడు. ఉప్పుపొన్న. కొమ్మలకి పొడుగ్గా, ఆకుపచ్చగా, సన్నటి ములక్కాడల్లా వేలాడుతున్నాయి. కాయలా అని అడిగా. "కాయలు కాదు మామయ్యా, మొక్కలు" అన్నాడు. గింజ చెట్టు మీదే మొలకెత్తి, తల్లి దగ్గరే జానెడు పెరిగి, అప్పుడు కిందకి దిగుతుందట. ఆటు ఉన్నప్పుడు రాలితే బురదలో గుచ్చుకుని అక్కడే వేరు పోస్తుంది. పోటు ఉన్నప్పుడు రాలితే నీళ్ళలో తేలుతూ వెళ్ళి ఎక్కడో నిలదొక్కుకుంటుంది.

నేను పడవలో అలాగే కూర్చుండిపోయా. తల్లి మీదే మొలకెత్తడం మా వరికి చావు. ఇక్కడ అదే బతుకు. మామూలు గింజగా రాలితే ఆ ఉప్పు నీటిలో, రోజుకి రెండుసార్లు వచ్చిపోయే పోటులో దానికి నిలదొక్కుకునే సమయం ఎక్కడిది? అందుకని ముందే తయారై దిగుతుంది. మా అమ్మమ్మ ఊరి ఎర్ర గింజ చెప్పింది ఆగమని. ఉప్పుపొన్న చెప్పింది ముందే లెమ్మని. రెండూ నిజమే. ఎవరి నేల ఏదో, ఎవరి పోటు ఎంతో చూసుకోకుండా ఒకదాని మాట ఇంకొకరికి చెప్తే మాత్రం అబద్ధం అవుతుంది.

నాది సొంత పొలం. నేను ఆగగలను. బాబాయికి కౌలు గడువు ఉంది. ఆయన ఆగితే ఆ ఆరెకరాలు ఇంకొకరు చేసుకుంటారు. ఆయన తుపాను నెలలోనే దాళ్వాకో మొక్కజొన్నకో మాట తీసుకోవాల్సిందే, మళ్ళీ అప్పు చెయ్యాల్సిందే. నా ఓపిక ఆయనకి ధర్మం కాదు. అది నా భూమి పాస్‌బుక్‌లోంచి వచ్చిన ఓపిక. ఈ సంగతి నాకు తెలియడానికి నిజాంపట్నం దాకా వెళ్ళాల్సొచ్చింది. ఆయన గట్టు మీద కూర్చుని ఒక్క మాటలో చెప్పేశాడు.

అందుకే నా అభిప్రాయం ఇది. ఎవరికైనా ప్రకృతిని చూపించి ధైర్యం చెప్పేముందు రెండు పనులు చెయ్యాలి. మొదటిది, వాళ్ళ కష్టంలో కాసేపు చెయ్యి పెట్టాలి. ఉప్పు కలిపితేనే తెలుస్తుంది ఏం చెప్పాలో. ఒక్కోసారి ఏమీ చెప్పక్కర్లేదని కూడా తెలుస్తుంది. రెండోది, మనుషులు చెయ్యాల్సిన పనిని ప్రకృతి మీదకి నెట్టకూడదు. మా పొలాల్లో ఆరు రోజులు నీళ్ళు నిలబడింది దేవుడి పరీక్ష వల్ల కాదు. మురుగు కాలువ నిండా గుర్రపుడెక్క, తూటికాడ. అర్జీలు పెడుతూనే ఉన్నాం. బాబాయికి పంట నష్టం డబ్బు రాకపోవడం కర్మ కాదు. 2019 చట్టం ప్రకారం అప్పుడు కౌలు రైతుకి సాగుదారు హక్కు పత్రం ఉండాల్సి వచ్చింది, దానికి భూమి యజమాని సంతకం కావాల్సి వచ్చింది. ఆ యజమాని పెట్టలేదు. వీటిని అడగకుండా తామరపువ్వు బొమ్మలు పంపితే, నోరు మూసుకో అని తియ్యగా చెప్పినట్టే.

మడ అడవుల దగ్గర విన్న సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. పాడైపోయిన మడ అడవిని మళ్ళీ పెంచాలని ఊరికే మొక్కలు నాటితే బతకలేదట. పోటు నీరు వచ్చిపోయే దారి మూసుకుపోయి, నిలవ నీటిలో ఉప్పు పేరుకుపోయింది. స్వామినాథన్ ఫౌండేషన్ వాళ్ళు, అటవీ శాఖ వాళ్ళు కృష్ణా తీరంలో చేప ముల్లు ఆకారంలో కాలువలు తవ్వించారు, మధ్యలో పెద్దది, పక్కలకి చిన్నవి. నీరు రావడం, పోవడం మొదలయ్యాక మడ నిలబడింది. 1977 ఉప్పెనప్పుడు, 2004 సునామీ అప్పుడు మడ దట్టంగా ఉన్నచోట దెబ్బ తగ్గిందని ఆ ఊళ్ళ పెద్దవాళ్ళు ఇప్పటికీ చెప్తారు. అయితే ముందు ఎవరో ఒకరు పార పట్టుకుని కాలువ తవ్వాలి.

మేమూ అదే చేశాం. జూన్‌లో పన్నెండు మందిమి కలిసి మా పొలాల వెంబడి ఉన్న పిల్ల మురుగు కాలువలో గుర్రపుడెక్క లాగేశాం. నాలుగు రోజులు పట్టింది. పెద్ద డ్రెయిన్ మా వల్ల కాదు, అది యంత్రాలతో చెయ్యాల్సిన పని, దాని కోసం ఇంకా తిరుగుతున్నాం. తీసిన గుర్రపుడెక్కని ఎండబెట్టి ఆచ్ఛాదనకి వాడుకున్నా. వీడియోలో వంగతోటలో మొక్కల మొదళ్ళలో కనపడేది అదే. ఒకాయన కామెంట్‌లో అడిగారు, అది వేళ్ళతో వేస్తే మళ్ళీ బతకదా అని. పూర్తిగా ఎండితే బతకదు. పచ్చిది మాత్రం తడి నేల మీద వెయ్యొద్దు.

ఇంకొకటి. మీ ఇంట్లోగానీ, పక్క పొలంలోగానీ ఎవరైనా మాట మానేసి, అన్నం మానేసి కూర్చుంటే ఒంటరిగా వదలకండి. పిన్ని చేసినట్టు ముందు డబ్బాలు అక్కడి నుంచి తీసెయ్యండి. టెలి మానస్ వాళ్ళ నంబరు 14416, ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు కట్టక్కర్లేదు. అలా ఫోన్ చెయ్యడం భక్తి తక్కువైనట్టూ కాదు, మగతనం తక్కువైనట్టూ కాదు.

మొన్న కార్తీక పౌర్ణమికి సముద్ర స్నానానికి సూర్యలంక వెళ్ళాం. బాబాయి కూడా మాతో వచ్చాడు. ఆయనకి కార్తీకం లేదు గానీ, ఆటోలో ఖాళీ ఉంది, ఆయనకి సముద్రం ఇష్టం. ఒడ్డున సరుగుడు తోటల్లో కూర్చుని పులిహోర తిన్నాం. ఏడాది క్రితం ఇదే నీళ్ళు కదా మనల్ని ముంచింది అని నేను అంటే, ఆయన నవ్వి, "నీళ్ళకేం తెలుసురా" అన్నాడు.

ఈసారి ఆయన ఆరెకరాల్లో ఒక అరెకరం నా ఎర్ర విత్తనం వేశాడు. యూరియా మానలేదు, ఆ అరెకరానికి మాత్రం ఘన జీవామృతం అడిగి తీసుకెళ్ళాడు. కౌలు అలాగే ఉంది, కూతురి పెళ్ళి చైత్రంలో అనుకుంటున్నారు. బంగాళాఖాతంలో మళ్ళీ అల్పపీడనం అంటున్నారు, ఎటు పోతుందో చూడాలి. కోత ఇంకో పది రోజులుంది.

నిన్న సాయంత్రం పిన్నికి పాలు ఇవ్వడానికి వెళ్తే, చావిట్లో మూలన రెండు కల్లుప్పు మూటలు కనపడ్డాయి. పోయినేడాది ఆ డబ్బాలు ఉన్న చోటే.